యేసు నిజంగా ఉన్నాడా, క్రైస్తవాన్ని మొదలుపెట్టింది ఆయనా పౌలా?

మీరు ఒకే ప్రశ్నలో మూడు విషయాలు కలిపి అడిగారు. యేసు అనే మనిషి చరిత్రలో నిజంగా ఉన్నాడా లేక రోమన్లు అల్లిన కథా, క్రైస్తవాన్ని పెట్టింది యేసా లేక ఆయన పోయాక ఊరూరా ఆయన గురించి బోధించిన పౌలా, ఇక యేసు ఇండియా వచ్చి చదువుకుని వెళ్లాడని వాట్సాప్‌లో తిరిగేది నిజమా అని. నేను ప్రాచీన చరిత్ర చదివి చాలా ఏళ్లు అదే సబ్జెక్ట్ కాలేజీలో చెప్పినవాణ్ణి, ఈ మూడూ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు, కాబట్టి కొంచెం ఓపిగ్గా, పెద్దగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఉన్నాడు. ఇప్పటి ఇజ్రాయెల్ ఉత్తర భాగంలోని గలిలయలో పెరిగిన యూదుడు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు, దేవుని రాజ్యం దగ్గరపడిందని ఊరూరా తిరిగి చెప్పాడు, యూదుల పస్కా పండగ రోజుల్లో యెరూషలేములో రోమన్ గవర్నర్ పిలాతు ఆర్డర్ మీద సిలువ వేయబడ్డాడు, అది క్రీ.శ. 30 ప్రాంతంలో జరిగింది. ఇంతవరకు దేవుణ్ణి నమ్మే స్కాలర్లు, యూదు స్కాలర్లు, ఏ మతమూ లేని స్కాలర్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆయన దేవుని కుమారుడా, మూడో రోజు లేచాడా అనేది హిస్టరీ మెథడ్‌తో తేలే విషయం కాదు. ఫలానా వాళ్లు ఆయన్ని లేచినట్టు చూశామని నమ్మారు, ఆ నమ్మకం కోసం కష్టాలు పడ్డారు అనే వరకే చరిత్రకారుడు చెప్పగలడు, ఆ తర్వాతది విశ్వాసానికి సంబంధించింది. ఈ గీత దాటి ఇటువైపు వాళ్లు గానీ అటువైపు వాళ్లు గానీ "చరిత్ర రుజువు చేసింది" అంటే నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయం. చాలామందికి ఇక్కడ గందరగోళం ఎందుకొస్తుందంటే బైబిల్ తెరిస్తే కొత్త నిబంధనలో మొదట మత్తయి కనబడుతుంది, తర్వాత మార్కు, లూకా, యోహాను, ఆ తర్వాత ఎక్కడో పౌలు పత్రికలు, దాంతో రాసిన వరస కూడా అదే అనుకుంటాం. కాదు. అన్నింటికంటే ముందు రాసినవి పౌలు ఉత్తరాలు. పౌలు పేరు మీద 13 పత్రికలు ఉన్నా వాటిలో 7 ఆయనే రాశాడనే విషయంలో దాదాపు ఎవరికీ పేచీ లేదు: రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, మొదటి థెస్సలొనీకయులకు, ఫిలేమోనుకు. ఇవన్నీ సుమారు క్రీ.శ. 50 నుంచి 60 మధ్యలో రాసినవి. మార్కు సువార్త 70 దరిదాపుల్లో, మత్తయి, లూకా 80, 90ల్లో, యోహాను ఇంకొంచెం తర్వాత. అంటే యేసు చనిపోయిన 20 ఏళ్లకి రాసిన ఉత్తరాలు మన చేతిలో ఉన్నాయి. ప్రాచీన చరిత్రలో ఒక పల్లెటూరి బోధకుడి గురించి ఇంత దగ్గర కాలపు రాతలు ఉండటం చిన్న విషయం కాదు.

ఆ డేట్లు ఊహించి వేసినవి కావా అని అడగొచ్చు. కావు. గ్రీస్‌లో డెల్ఫీ అనే చోట రాతి ముక్కల మీద క్లాడియస్ చక్రవర్తి పంపిన ఒక లేఖ దొరికింది, అందులో గల్లియో అనే అధికారి పేరు ఉంది, ఆ శాసనంలో ఉన్న లెక్కని బట్టి గల్లియో అకయకి, అంటే దక్షిణ గ్రీస్‌కి, గవర్నర్‌గా ఉన్నది 51, 52 ప్రాంతంలో అని తేలింది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో కొరింథులో పౌలుని ఈడ్చుకెళ్లింది ఇదే గల్లియో ముందుకి. దీన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ లెక్కేసుకుంటూ పౌలు జీవితం మొత్తాన్ని సుమారుగా పేర్చుకోవచ్చు. ఇంకో కొస కూడా ఉంది, దమస్కులో పొరుగు అరబ్బు రాజ్యాన్ని ఏలిన అరెత రాజు తరఫు అధికారి తనని పట్టుకోబోతే గోడ మీంచి గంపలో దిగి తప్పించుకున్నానని పౌలే రెండో కొరింథీయుల్లో రాశాడు, ఆ అరెత 40 ప్రాంతంలో చనిపోయాడు కాబట్టి అది అంతకు ముందే జరిగుండాలి.

సరే, ఇప్పుడు గలతీయుల పత్రిక తీసుకోండి. యేసు ఉన్నాడా లేడా అన్నదానికి నా దృష్టిలో అన్నింటికంటే గట్టి సాక్ష్యం ఇందులోనే ఉంది, బైబిల్ బయటి చరిత్రకారులైన టాసిటస్ లోనో జోసెఫస్ లోనో కాదు. పౌలు ఈ ఉత్తరం మంచి కోపంలో రాశాడు. మిగతా ఉత్తరాల్లో మామూలుగా మొదట "మీ గురించి దేవునికి కృతజ్ఞతలు" అని మొదలుపెట్టే మనిషి ఇందులో అది కూడా లేకుండా నేరుగా తిట్టడానికి దిగుతాడు. ఎందుకంటే ఎవరో గలతీయకి వచ్చి "పౌలుది సొంత అధికారం కాదు, యెరూషలేము పెద్దల దగ్గర నేర్చుకున్నవాడు, పైగా సున్నతి విషయంలో మీకు సగమే చెప్పాడు" అని ప్రచారం చేశారు. దానికి పౌలు జవాబు: నేను ఏ మనిషి దగ్గరా నేర్చుకోలేదు, నాకు ప్రత్యక్షత అయ్యాక వెంటనే యెరూషలేము పోలేదు, మూడేళ్ల తర్వాత కేఫాని, అంటే యేసు ముఖ్య శిష్యుడు పేతురుని, పరిచయం చేసుకోవడానికి వెళ్లి 15 రోజులున్నాను, ప్రభువు సహోదరుడైన యాకోబుని తప్ప ఇంకే అపొస్తలుణ్ణీ చూడలేదు, నేను రాసేది అబద్ధం కాదు దేవుని ఎదుట చెప్తున్నాను అంటాడు.

ఈ వాక్యాన్ని మెల్లగా చదవండి. పౌలు ఇక్కడ యేసు ఉన్నాడని నిరూపించడానికి ప్రయత్నించట్లేదు, ఆ ప్రశ్నే అప్పట్లో ఎవరికీ లేదు. ఆయన బాధంతా యెరూషలేము వాళ్లతో తనకి సంబంధం ఎంత తక్కువో చూపించుకోవాలని. అలాంటి మనిషి, తన వాదనకి ఇబ్బంది అయినా సరే, "యేసు తమ్ముణ్ణి కలిశాను" అని ఒట్టేసి మరీ ఒప్పుకుంటున్నాడు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన విషయం, దాస్తే ప్రత్యర్థులు పట్టేసుకుంటారు. ఈ యాకోబు తోడబుట్టినవాడా, పెదనాన్న పిన్ని పిల్లల వరసా అని కేథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ తేడా ఉంది, ఏదైనా రక్తసంబంధమే కదా. లేని మనిషికి తమ్ముడు ఉండడు, ఆ తమ్ముడితో కూర్చుని మాట్లాడిన మనిషి తర్వాత ఆ తమ్ముడి వర్గంతోనే గొడవపడి ఉత్తరాలు రాయడు. "యేసు అసలు లేడు" అనేవాళ్లు ఇక్కడ "సహోదరుడు అంటే ఊరికే సంఘంలో ఒక బిరుదు" అంటారు, మరి అదే పేరాలో పేతురుకి ఆ బిరుదు ఎందుకు లేదు అంటే వాళ్ల దగ్గర సరైన జవాబు లేదు.

అదే యాకోబు బైబిల్ బయట కూడా కనిపిస్తాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93, 94 ప్రాంతంలో యూదుల చరిత్ర 20 పుస్తకాల్లో రాశాడు, చివరి పుస్తకంలో ఒక సంఘటన ఉంది. 62లో రోమన్ గవర్నర్ ఫెస్తు చనిపోయాడు, కొత్త గవర్నర్ అల్బినస్ ఇంకా దారిలో ఉన్నాడు, ఆ సందు చూసుకుని ప్రధాన యాజకుడు అననస్ సభని పిలిచి "క్రీస్తు అనబడే యేసు సోదరుడు, యాకోబు అనే పేరుగల వ్యక్తిని", ఇంకొంతమందిని రాళ్లతో కొట్టించాడు. ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే యూదులకే ఇది నచ్చక కంప్లైంట్ చేస్తే అననస్ పదవి ఊడింది. జోసెఫస్‌కి ఇక్కడ ఇంట్రెస్ట్ అననస్ మీద, యేసు పేరు కేవలం ఏ యాకోబో గుర్తుపట్టడానికి వాడాడు. అందుకే దీన్ని చాలామంది స్కాలర్లు అసలైందే అంటారు. 18వ పుస్తకంలో యేసు గురించి నేరుగా ఉన్న పేరా మాత్రం వేరే సంగతి, అందులో "ఆయనే క్రీస్తు" లాంటి మాటలు ఉన్నాయి, క్రైస్తవుడు కాని జోసెఫస్ అలా రాయడు, 3వ శతాబ్దంలో ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు కూడా జోసెఫస్ యేసుని క్రీస్తుగా నమ్మలేదనే రాశాడు. కాబట్టి క్రైస్తవ లేఖకులు చేయి పెట్టారనేది ఖాయం. మొత్తం కల్పితమా లేక చిన్న అసలు పేరా చుట్టూ అతికించారా అని చర్చ ఉంది, రెండో దాని వైపు ఎక్కువమంది ఉన్నారు, నేను కూడా అటే. చర్చి స్టేజీ మీద ఆ పేరాని యథాతథంగా చదివి "చూశారా యూదుడే ఒప్పుకున్నాడు" అనేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, దాని అవసరమే లేదు, అసలు సాక్ష్యం చేతిలో ఉండగా అనుమానం ఉన్నది ఎందుకు చూపించడం.

రోమన్లలో టాసిటస్ 116 ప్రాంతంలో, 64లో రోమ్ తగలబడ్డప్పుడు నీరో చక్రవర్తి ఆ నేరాన్ని క్రైస్తవుల మీదకి తోసేశాడని రాస్తూ వాళ్ల క్రీస్తు తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో మరణశిక్ష పొందాడని చెప్పాడు. అతనికి క్రైస్తవుల మీద అసహ్యం తప్ప ప్రేమ లేదు. కాకపోతే అతను రికార్డు చూసి రాశాడో క్రైస్తవులు చెప్పుకునేది విని రాశాడో తేల్చలేం, దానికి ఇవ్వాల్సిన వెయిట్ అంతే ఇవ్వాలి.

"అంత గొప్పవాడైతే అప్పటి రోమన్ రికార్డుల్లో ఎందుకు లేడు" అని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. అసలు ఏ రికార్డులు? యెరూషలేము ఉన్న యూదయ ప్రావిన్స్‌లో ఏ గవర్నర్ జరిపిన విచారణల ఫైళ్లూ మనకి మిగల్లేదు. పిలాతు సంగతే చూడండి, 26 నుంచి 36 దాకా పదేళ్లు ఆ ప్రావిన్స్‌ని ఏలినవాడు, అప్పటి యూదు రచయితలు ఫైలో, జోసెఫస్ లాంటి వాళ్ల రాతలు, కొన్ని చిల్లర నాణేలు తప్ప ఏమీ లేవు, 1961లో కైసరయలో ఇటాలియన్ ఆర్కియాలజిస్టులు తవ్వితే ఒక రాయి మీద అతని పేరు బయటపడింది, అది కూడా తర్వాతి కాలంలో థియేటర్ రిపేర్లకి మెట్టుగా వాడేసిన రాయి. గవర్నర్ పరిస్థితే ఇదైతే నజరేతు లాంటి చిన్న పల్లె నుంచి వచ్చిన చేతిపనివాడికి శాసనం ఎవరు వేయిస్తారు.

సువార్తల దగ్గరికి వద్దాం. ఇవి గ్రీకులో రాసినవి, రాసినవాళ్లు లోపల ఎక్కడా తమ పేరు చెప్పుకోలేదు, మత్తయి మార్కు అనే పేర్లు తర్వాత స్థిరపడ్డాయి. మార్కులో ఉన్న దాంట్లో ఎక్కువ భాగం మత్తయిలో, చాలాచోట్ల అవే మాటలతో ఉంటుంది, లూకా కూడా మార్కుని వాడుకున్నాడు. అంటే మూడు సువార్తల్లో ఉంది కాబట్టి ముగ్గురు సాక్షులు అని లెక్కేయకూడదు, ఒకరి నుంచి ఇద్దరు తీసుకుంటే అది ఒక సాక్ష్యమే. కానీ అదే కాపీ చేయడం వల్ల చరిత్రకారుడికి ఒక మంచి పనిముట్టు దొరికింది, వాళ్లు ఎక్కడ మార్చారో చూస్తే ఎక్కడ ఇబ్బందిపడ్డారో తెలుస్తుంది.

బాప్తిస్మం చూడండి. మార్కు మొదటి అధ్యాయంలో యోహాను ఇచ్చేది పాపక్షమాపణ కోసం మారుమనస్సు బాప్తిస్మం అని చెప్పి, కొద్ది వాక్యాల్లోనే యేసు వచ్చి అదే బాప్తిస్మం తీసుకున్నాడని మామూలుగా చెప్పేస్తాడు. మత్తయికి ఇది గుచ్చుకుంది, పాపం లేనివాడికి ఇదెందుకు, పైగా ఇచ్చేవాడు పెద్దా పుచ్చుకునేవాడు పెద్దా అని, అందుకే అక్కడ యోహాను "నేనే నీ దగ్గర తీసుకోవాలి" అని ఆపబోతాడు, యేసు నచ్చజెప్తాడు. లూకా ముందు యోహానుని జైల్లో వేశారని చెప్పేసి, ఆ తర్వాత యేసు బాప్తిస్మం పొందాడు అంటాడు, ఎవరిచ్చారో చెప్పడు. యోహాను సువార్తలో ఇద్దరూ కలుస్తారు, ఆత్మ దిగడం బాప్తిస్మమిచ్చు యోహాను చూశానంటాడు, బాప్తిస్మం ఇచ్చిన సీన్ మాత్రం లేదు. నలుగురినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక ఇబ్బందైన నిజాన్ని ఒక్కొక్కరు ఎలా సర్దుకున్నారో కళ్లకి కడుతుంది. కథ కల్పించేవాళ్లు తమకే తలనొప్పి తెచ్చే సీన్ కల్పించుకోరు కదా. అందుకే యేసు మొదట యోహాను గుంపులోకి వెళ్లాడనేది చరిత్రలో గట్టిగా నిలబడే విషయం. సిలువ కూడా అంతే, బానిసలకీ తిరుగుబాటుదార్లకీ వేసే నీచమైన శిక్ష, మా మెస్సీయకి, అంటే దేవుడు పంపుతాడని ఎదురుచూసిన రక్షకుడికి, అది పడింది అని ఎవరూ సరదాకి కల్పించుకోరు, పౌలే అది యూదులకి ఆటంకం, గ్రీకులకి వెర్రితనం అని రాశాడు.

పుట్టుక కథల్లో మాత్రం అంత గట్టిదనం లేదు. మత్తయి ప్రకారం హేరోదు రాజు బతికుండగా పుట్టాడు, హేరోదు క్రీ.పూ. 4లో పోయాడు. లూకా సిరియా గవర్నర్ కురేనియు కాలపు జనసంఖ్య అప్పుడు పుట్టాడంటాడు, జోసెఫస్ చెప్పే ఆ లెక్క జరిగింది క్రీ.శ. 6లో, మధ్యలో పదేళ్ల తేడా. కలపడానికి చాలామంది చాలా రకాలుగా ప్రయత్నించారు, ఏదీ అతకలేదు. చరిత్రకారులు ఎక్కువమంది సుమారు క్రీ.పూ. 6, 4 మధ్య పుట్టాడని, ఊరు నజరేతు అని అంటారు. డిసెంబర్ 25 అనేది చాలా తర్వాత వచ్చింది, దాని మీద టైం పెట్టను.

ఇక రెండో ప్రశ్న, ఎవరు మొదలుపెట్టారు. యేసు యూదుడిగా పుట్టి యూదుడిగా బతికి యూదుడిగా చనిపోయాడు. సమాజమందిరాల్లో బోధించాడు, యూదుల ధర్మశాస్త్రమైన తోరా గురించి తోటి యూదులతో వాదించాడు, పండక్కి యెరూషలేము వెళ్లాడు. పన్నెండుమందిని ఏరుకోవడమే ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకి గుర్తు, అంటే ఆయన మనసులో ఉన్నది కొత్త మతం కాదు, దేవుడు ఇశ్రాయేలుని మళ్లీ నిలబెట్టబోతున్నాడనే ఆశ. దేవాలయంలో బల్లలు తోసేసిన ఘటన, అది కూడా లక్షల్లో జనం చేరే పస్కా ముందు, అధికారుల్ని కంగారుపెట్టి ఉంటుంది. సిలువ మీద "యూదుల రాజు" అని నేరం రాసి పెట్టారంటే రోమన్ల లెక్కలో అది రాజకీయ కేసు. సిలువ అంటే ఏంటో మనకి చేతికందిన సాక్ష్యం కూడా ఉంది, 1968లో యెరూషలేము శివార్లలో ఒక సమాధిలో యెహోహనాన్ అనే వ్యక్తి ఎముకలు దొరికాయి, మడమ ఎముకలో మేకు ఇంకా దిగబడే ఉంది, కొస వంగిపోవడంతో ఊడదీయలేక అలాగే పాతిపెట్టారు.

యేసు యూదుడు అని నేను ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. జర్మనీలో 1939లో ఐసనాఖ్ అనే ఊళ్లో ప్రొటెస్టెంట్ ప్రొఫెసర్లు ఒక ఇన్‌స్టిట్యూటే పెట్టి క్రైస్తవంలోంచి యూదు ఆనవాళ్లు తీసేసే పని చేశారు, యేసు అసలు యూదుడే కాదని రాశారు. చదువుకున్నవాళ్లు, డిగ్రీలున్నవాళ్లు. ఆ కాలంలో యూదులకి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. యుద్ధం తర్వాత ఈ సబ్జెక్ట్‌ని గాడిలో పెట్టినవాళ్లలో గేజా వెర్మేష్ లాంటి యూదు స్కాలర్లు ఉన్నారు, యేసుని ఆయన సొంత జనం మధ్యలో పెట్టి చూడాలని వాళ్లు గట్టిగా చెప్పారు. చరిత్రని తమకి కావలసినట్టు వంచడం ఎంత ప్రమాదమో ఈ సబ్జెక్ట్ చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

మరి పౌలు కొత్త మతం కనిపెట్టాడా? ఇది 19వ శతాబ్దం నుంచి బాగా పాపులర్ అయిన వాదన, మన దగ్గర కూడా చాలామంది "యేసు మంచివాడు, చెడగొట్టింది పౌలు" అంటారు. ఉత్తరాలు చదివితే ఇది నిలబడదు. మొదటి కొరింథీయులు 15లో పౌలు, నాకు అందినదాన్నే మీకు అందించాను అని, క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజు లేచాడు, కేఫాకి కనిపించాడు, తర్వాత పన్నెండుగురికి, తర్వాత 500 మందికి పైగా, తర్వాత యాకోబుకి అని ఒక లిస్ట్ చెప్తాడు, చిట్టచివర తన పేరు కలుపుకుంటాడు. ఈ మాటలు పౌలు అల్లినవి కావు, ఆయన చేరేటప్పటికే కంఠస్థం చేసి చెప్పుకుంటున్నవి. పౌలు మొదట ఈ గుంపుని హింసించినవాడు, హింసించడానికి ముందు గుంపు ఉండాలి కదా! యెరూషలేములో పేతురు, యాకోబు, శిష్యుడైన యోహాను చుట్టూ, యేసే మెస్సీయ అని నమ్మే యూదుల సమూహం పౌలుకి ముందే ఉంది. వాళ్లు దేవాలయానికి వెళ్తూనే ఉన్నారు, సున్నతి, భోజన నియమాలు పాటిస్తూనే ఉన్నారు.

పౌలు చేసింది వేరు. అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, యూదులుగా మారకుండానే, సున్నతి లేకుండానే ఇందులోకి రావచ్చు అన్నాడు. దీని కోసం ఆయన యెరూషలేము వెళ్లి పెద్దల ముందు కూర్చున్నాడు, గలతీయులు 2లో వాళ్లు కుడిచేయి ఇచ్చి ఒప్పుకున్నారని, బీదల్ని మర్చిపోవద్దని మాత్రం అడిగారని రాశాడు. తర్వాత సిరియాలోని అంతియొకయ నగరంలో పేలింది. పేతురు అక్కడ అన్యజనులతో కలిసి భోంచేస్తుండేవాడు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గి వేరే కూర్చున్నాడు, పౌలుతో కలిసి పనిచేసిన బర్నబా కూడా అటే పోయాడు, పౌలు అందరి ముందూ పేతురుని నిలదీశాడు. ఒకే పంక్తిలో కూర్చుని తినడం గురించి వచ్చిన ఈ గొడవ ఎంత పెద్దదో మన దేశంలో పుట్టినవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. పౌలు తన మాటలు పొడుగ్గా రాశాడు, పేతురు ఏమన్నాడో రాయలేదు, గెలిచుంటే తప్పకుండా రాసేవాడు, అందుకే ఆ రోజు పౌలే ఓడిపోయి ఉంటాడని చాలామంది అంటారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఇంత జరిగినా పౌలు తనని వేరే మతం వాడిగా ఎప్పుడూ చెప్పుకోలేదు, నేను ఇశ్రాయేలీయుణ్ణి, బెన్యామీను గోత్రం అనే చెప్పుకున్నాడు. యెరూషలేములో బీదల కోసం ఊరూరా చందా పోగుచేసి తీసుకెళ్లాలని చివరిదాకా తపించాడు.

అందుకే నేను అనేది ఇది, ఒక మనిషి ఒక రోజు పెట్టిన సంస్థలా క్రైస్తవాన్ని చూస్తే ఏ జవాబూ కుదరదు. యేసు కదిలించాడు, ఆయన పోయాక యెరూషలేము గుంపు ఆ నమ్మకానికి రూపం ఇచ్చింది, పౌలు, పేర్లు కూడా మిగలని ఇంకెంతోమంది దాన్ని అన్యజనుల్లోకి తీసుకెళ్లారు, రోమ్‌లో సంఘం పౌలు అక్కడ కాలు పెట్టకముందే ఉంది. తర్వాత పరిస్థితులు మిగతా పని చేశాయి. 62లో యాకోబు పోయాడు, 70లో రోమన్లు యెరూషలేముని, దేవాలయాన్ని నేలమట్టం చేశారు, దాంతో కేంద్రం చెల్లాచెదురైంది, బయటి ఊళ్లలో అన్యజనుల సంఘాలు పెరిగాయి. 112 ప్రాంతంలో నేటి టర్కీలోని బితూనియకి గవర్నర్‌గా ఉన్న ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో వీళ్లు అప్పటికే వేరే జనంగా కనిపిస్తారు, తెల్లారకముందే చేరి క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాటలు పాడతారని, నిజం రాబట్టడానికి సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస ఆడవాళ్లని చిత్రహింస పెట్టించానని రాశాడు. వాళ్ల పేర్లు రాయలేదు. రోమ్ మీద యూదుల 132–135 తిరుగుబాటు తర్వాత యూదులకీ క్రైస్తవులకీ దూరం ఇంకా పెరిగింది. అయినా పూర్తిగా తెగిందా అంటే, 386లో కూడా అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ అనే క్రైస్తవ బోధకుడు తన సంఘస్తుల్ని యూదుల పండగలకీ సమాజమందిరాలకీ ఎందుకు పోతున్నారని కటువుగా తిడుతున్నాడు. పెద్దలు గీత గీశారు, మామూలు జనం దాన్ని దాటుతూనే ఉన్నారు.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 325లో నైసియాలో జరిగిన బిషప్‌ల సభలో బైబిల్ తయారుచేయించాడు, యేసుని ఓటింగ్‌తో దేవుణ్ణి చేశాడు అనేది కూడా తరచూ కనిపిస్తుంది. ఆ సభ ముఖ్యంగా, కుమారుడు తండ్రితో సమానం కాదన్న అరియస్ బోధ గురించి, ఈస్టర్ డేట్ గురించి, పుస్తకాల లిస్ట్ మీద ఓటింగ్ జరగలేదు. నాలుగు సువార్తలే అని బిషప్ ఐరేనియస్ 180 ప్రాంతంలోనే గట్టిగా వాదించాడు, పౌలు పత్రికలు కలిపి కుట్టిన పపైరస్ పుస్తకం సుమారు 200 నాటిది ఇప్పటికీ ఉంది, యేసుకి దేవుడిలా పాటలు పాడటం ప్లినీ చెప్పిందే. ఇప్పటి 27 పుస్తకాల లిస్ట్ మొదటిసారి అదే రూపంలో కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన ఉత్తరంలో. రోమన్లు కల్పించారు అనేవాళ్లు, తాము దాదాపు రెండున్నర శతాబ్దాలు అప్పుడప్పుడు చంపుకుంటూ వచ్చిన జనాన్ని తామే ఎందుకు కల్పించుకున్నారో చెప్పాలి.

చివరిగా ఇండియా. యేసు 12 నుంచి 30 ఏళ్ల మధ్య ఇక్కడికి వచ్చాడనే కథకి మూలం నికొలస్ నొటోవిచ్ అనే రష్యన్ 1894లో వేసిన పుస్తకం, లడఖ్ హెమిస్ మఠంలో ఒక పాత గ్రంథం చూశానన్నాడు. అదే ఏడాది సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ అనుమానం బయటపెట్టాడు, మరుసటి ఏడాది ఆగ్రా కాలేజీ ప్రొఫెసర్ డగ్లస్ స్వయంగా హెమిస్ వెళ్లి అడిగితే మఠాధిపతి అలాంటి గ్రంథమే లేదన్నాడు. ఆ మూల ప్రతిని ఇంతవరకు ఎవరూ పరీక్షకి పెట్టలేదు. సువార్తల్లో ఊరివాళ్లు యేసుని చూసి "ఈయన వడ్లవాడు కాదా, తమ్ముళ్లు చెల్లెళ్లు మన మధ్యే ఉన్నారు కదా" అంటారు, పద్దెనిమిదేళ్లు విదేశాల్లో ఉండి వచ్చినవాణ్ణి అనే మాటలు కావు అవి.

యేసు పన్నెండుగురు శిష్యుల్లో ఒకడైన తోమా సంగతి దీనికి భిన్నం, దాన్ని ఇలా కొట్టిపారేయకూడదు. ఆయన ఇండియా వచ్చాడని చెప్పే పాత గ్రంథం 3వ శతాబ్దం నాటి సిరియా ప్రాంతపు రచన, అందులో అద్భుత కథలే ఎక్కువ, కానీ అందులోని గొండోఫరెస్ రాజు నిజంగా ఉన్నవాడే, వాయవ్య భారతంలో ఆయన నాణేలు దొరికాయి. కేరళ క్రైస్తవుల సంప్రదాయం, మైలాపూర్ సమాధి సంప్రదాయం విడిగా ఉన్నాయి, మలబారులో క్రైస్తవులు ఉన్నారని 6వ శతాబ్దంలో కాస్మస్ అనే వర్తకుడు రాశాడు. తోమా స్వయంగా వచ్చాడని రుజువు చేయలేం, కానీ రాగలిగే దారి ఉండేది. ఆ దారి మన ఊళ్లదాకా ఉంది, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్‌వి, తిబెరివి ఉన్నాయి. యేసుకి సిలువ పడింది ఆ తిబెరి పాలనలోనే.

మీరు సీరియస్‌గా చదవాలనుకుంటే ఎవరి పుస్తకమో కొనేముందు ఇంట్లో ఉన్న తెలుగు బైబిలే చాలు. ముందు మొదటి థెస్సలొనీకయులకు, తర్వాత గలతీయులు మొదటి రెండు అధ్యాయాలు, తర్వాత మొదటి కొరింథీయులు, అవి అయ్యాక మార్కు సువార్త మొత్తం ఒకే కూర్చోవడంలో చదవండి, 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగండి, ఎందుకంటే పాత ముఖ్యమైన ప్రతుల్లో మార్కు అక్కడితోనే అయిపోతుంది. అది చదివి మత్తయి, లూకా చివరి అధ్యాయాలు పక్కన పెట్టి పోల్చి చూడండి, ఏది ఎక్కడ పెరిగిందో మీకే కనబడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే ఆ వచనం నంబర్‌తో సహా అడగండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.